పాత హిమాలయన్ 411 ఉండగా కొత్త 450 కొనాలా?

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 మార్కెట్లోకి వచ్చిన 2023 నవంబరు నుంచి, 411 సీసీ పాత బండి నడుపుతున్నవారిని ఒకే సందేహం వెంటాడుతోంది. ఉన్నదాన్ని అమ్మేసి కొత్తది తీసుకోవడం సబబేనా? పేరు పాతదే అయినా, ముందు 21 అంగుళాలు, వెనక 17 అంగుళాలు అన్న చక్రాల కొలతలను మినహాయిస్తే రెండు బండ్లకూ ఉమ్మడిగా ఉన్నవి చాలా తక్కువ. ఇంజన్, ఛాసిస్, సస్పెన్షన్, బ్రేకులు, మీటరు అన్నీ కొత్తగా రూపొందించినవే కాబట్టి, దీన్ని పూర్తిగా వేరే బండి కింద లెక్కవేసి బేరీజు వేయడమే న్యాయం. 411ను చాలాకాలంగా నడుపుతూ, 450ని ఘాట్ రోడ్డు మీద, హైవే మీద, మట్టిదారుల్లో నడిపి చూశాక నాకు ఏర్పడిన అభిప్రాయం ముందే చెబుతాను. ఎక్కువ దూరాలు, ఎక్కువ వేగంతో, తరచూ వెనక మరొకరిని కూర్చోబెట్టుకుని వెళ్లేవారికి ఈ మార్పు పెట్టిన డబ్బుకు తగినదే. గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా, చిన్న రోడ్ల మీదా కొండదారుల మీదా నెమ్మదిగా తిరగడాన్ని ఇష్టపడేవారు మాత్రం పాత బండిని వదులుకోవలసిన పని లేదు.

తేడా అంతటికీ మూలం ఇంజన్‌లోనే ఉంది. పాత ఇంజన్ గాలితోనూ ఆయిల్‌తోనూ చల్లబడేది. అందులో బోరు (సిలిండర్ వ్యాసం) 78 మిల్లీమీటర్లయితే స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 86 మిల్లీమీటర్లు. ఇలా స్ట్రోకు పొడవుగా ఉన్న ఇంజన్ తక్కువ ఆర్‌పీఎంలోనే (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) బలంగా లాగుతుంది, ఎక్కువ ఆర్‌పీఎంకు వెళ్లేసరికి త్వరగా అలసిపోతుంది. దాని 32 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం) 4,000 నుంచి 4,500 ఆర్‌పీఎం మధ్యనే పూర్తిగా అందుతుంది, 24.3 పీఎస్ గరిష్ఠ శక్తి 6,500 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది, ఆపైన తిప్పినా ఒరిగేది లేదు. కొత్త 452 సీసీ ఇంజన్‌లో బోరు 84 మిల్లీమీటర్లు, స్ట్రోకు 81.5 మిల్లీమీటర్లు. ఇది కూలెంట్‌తో చల్లబడుతుంది, సిలిండర్ పైన రెండు క్యామ్‌షాఫ్టులు, నాలుగు వాల్వులు ఉన్నాయి, 40 న్యూటన్ మీటర్ల టార్క్ 5,500 ఆర్‌పీఎం దగ్గర, 40 పీఎస్ శక్తి 8,000 ఆర్‌పీఎం దగ్గర అందుతాయి. అంటే శక్తి దాదాపు 65 శాతం పెరిగితే టార్క్ 25 శాతమే పెరిగింది. కొత్తగా చేరిన బలంలో ఎక్కువ భాగం పై ఆర్‌పీఎంలలో ఉందని, అది కావాలంటే ఇంజన్‌ను తిప్పాలని, గేర్లు మారుస్తూ ఉండాలని ఈ లెక్కలోనే తెలిసిపోతుంది.

ఘాట్ రోడ్డు ఎక్కినప్పుడు ఈ సంగతి అనుభవంలోకి వస్తుంది. నిండుగా సరుకెక్కిన లారీ వెనక గంటకు 30 కిలోమీటర్ల వేగంతో మలుపు ఎక్కుతున్నప్పుడు, 411 మూడో గేరులోనే ఉండి, క్లచ్ ముట్టుకోకుండా ఎక్సలరేటర్ కొద్దిగా తిప్పగానే గుడగుడమంటూ పైకి లాక్కుపోతుంది. అదే చోట 450 మూడో గేరులో 3,000 ఆర్‌పీఎంకు దిగువన ఉంటే తడబడుతుంది. ఇంజన్ కొట్టుకుంటున్నట్టు వణికి, రెండో గేరుకు దించమని తానే అడుగుతుంది. దించిన తర్వాత మాత్రం ఆర్‌పీఎం 4,000 దాటేసరికి పాత బండి ఎప్పుడూ ఇవ్వని పికప్ వస్తుంది, లారీని దాటడానికి దొరికిన చిన్న ఖాళీ కూడా సరిపోతుంది. స్లిప్ అండ్ అసిస్ట్ క్లచ్ చాలా తేలికగా ఉంది కనుక గేర్లు మార్చడం శ్రమ అనిపించదు. అయినా, గేరు సంగతే మరిచిపోయి చుట్టూ చూసుకుంటూ సాగిపోయే ఆ పాత నింపాదితనాన్ని ప్రేమించినవారికి అది ఇక్కడ దొరకదు. నాకు ఇప్పటికీ లోటుగా తోచేది ఇదొక్కటే. కంపెనీ ఇచ్చిన ఎకో, పెర్ఫార్మెన్స్ మోడ్‌లలో ఎకో ఎక్సలరేటర్ స్పందనను మందగింపజేస్తుంది తప్ప ఆ లోటును పూడ్చదు.

హైవే మీద పరిస్థితి తలకిందులవుతుంది. ఇద్దరు మనుషులు, రెండు సంచుల సామానుతో 411 గంటకు 90 కిలోమీటర్ల వేగం వరకు హాయిగానే వెళ్తుంది. 100 దాటేసరికి ఐదో గేరు తర్వాత మరో గేరు లేకపోవడం తెలుస్తుంది, హ్యాండిల్‌లోనూ ఫుట్‌రెస్టుల్లోనూ వణుకు మొదలవుతుంది, ముందున్న బస్సును దాటాలంటే ఎదురుగా రోడ్డు ఎంత దూరం ఖాళీగా ఉందో ముందుగా లెక్కేసుకోవలసి వస్తుంది. 450లో ఆరో గేరు ఉంది. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో కూడా ఎక్సలరేటర్‌లో ఇంకా మిగులు ఉంటుంది. పొద్దున బయల్దేరి సాయంత్రానికి నాలుగైదు వందల కిలోమీటర్లు వెళ్లినప్పుడు ఒంటి మీద పడే అలసటలో తేడా చిన్నది కాదు. మైలేజీ రెండింటిలోనూ లీటరుకు 30 కిలోమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది కానీ, ట్యాంకు 15 లీటర్ల నుంచి 17 లీటర్లకు పెరగడం వల్ల బంకుల మధ్య దూరం కొంత పెరుగుతుంది.

లద్దాఖ్ వెళ్లాలనుకునేవారు గమనించవలసిన లెక్క ఒకటి ఉంది. ఖార్దుంగ్ లా వంటి కనుమలు సముద్రమట్టానికి 5,000 మీటర్లకు పైన ఉంటాయి. అక్కడ గాలి పీడనం కింద ఉన్నదానిలో సగానికి కాస్త ఎక్కువగా మాత్రమే ఉంటుంది. టర్బో లేని ఇంజన్ శక్తి కూడా దాదాపు అదే నిష్పత్తిలో పడిపోతుంది. అంటే అంత ఎత్తులో 411 దగ్గర మిగిలేది ఇంచుమించు 13 పీఎస్, 450 దగ్గర మిగిలేది 21 పీఎస్. మైదానంలో సరిపోయిన బలం అక్కడ సామానుతో, వెనక మనిషితో ఎక్కేటప్పుడు సరిపోదని పాత బండి మీద వెళ్లివచ్చినవారికి తెలుసు. మైదానాల్లో విలాసంగా కనిపించే ఆ అదనపు శక్తి అక్కడ అవసరంగా మారుతుంది.

అందరూ ఇంజన్ గురించే మాట్లాడుకుంటారు గానీ, నా దృష్టిలో ఈ బండిలో వచ్చిన అసలైన మెరుగుదల సస్పెన్షన్, బ్రేకులు. పాతదానిలో ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు 41 మిల్లీమీటర్ల మామూలు రకం. కొత్తదానిలో షోవా కంపెనీ 43 మిల్లీమీటర్ల తలకిందుల (లావు గొట్టం పైన, సన్న గొట్టం కింద ఉండే) ఫోర్కు ఉంది. ముందు సస్పెన్షన్ కదలిక రెండింటిలోనూ 200 మిల్లీమీటర్లే అయినా పని తీరులో పోలిక లేదు. వర్షాకాలం తర్వాత తారు ఊడి, అంచు పదునుగా తేలిన గోతిలోకి కాస్త వేగంగా దిగితే 411 ముందుభాగం ఒక్కసారిగా కుంగి దెబ్బను మణికట్టుకు చేరవేస్తుంది, బరువు ఉంటే అడుగుకు తగిలిన శబ్దం కూడా వినిపిస్తుంది. 450లో అదే గొయ్యి ఒక మెత్తటి కదలికగా గడిచిపోతుంది, హ్యాండిల్ పక్కకు లాగదు, వెనక కూర్చున్నవారు ఎగిరిపడరు. వెనక సస్పెన్షన్ కదలిక 180 నుంచి 200 మిల్లీమీటర్లకు, గ్రౌండ్ క్లియరెన్స్ 220 నుంచి 230 మిల్లీమీటర్లకు పెరిగాయి. మట్టిదారిలో ఫుట్‌రెస్టుల మీద నిలబడి నడిపేటప్పుడు మోకాళ్ల దగ్గర ట్యాంకు సన్నగా ఉండటం ఎంతో కలిసివస్తుంది.

బ్రేకుల విషయానికి వస్తే, ముందు డిస్కు 300 నుంచి 320 మిల్లీమీటర్లకు, వెనక డిస్కు 240 నుంచి 270 మిల్లీమీటర్లకు పెరిగాయి. పాత బండి ముందు బ్రేకును గట్టిగా, ముందుచూపుతో నొక్కవలసి ఉండేది. కొత్తదానికి రెండు వేళ్లు చాలు. ఇక్కడ మీ దగ్గర ఉన్న 411 ఏ సంవత్సరానిదన్నది కూడా ముఖ్యమే. 2016లో వచ్చిన తొలి బండ్లకు కార్బురేటర్ ఉండేది, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేదు. ఇంధన ఇంజెక్షన్ 2017లో, ఏబీఎస్ 2018లో వచ్చాయి. మట్టిదారిలో వెనక చక్రానికి ఏబీఎస్ ఆపివేసే మీట 2020 నాటి బీఎస్6 (కాలుష్య ప్రమాణం) బండితో వచ్చింది. ఏబీఎస్ లేని తొలి బండి నడుపుతున్నవారు మిగతా లెక్కలన్నీ పక్కన పెట్టి, ఆ ఒక్క భద్రత కోసమైనా మారడం మంచిదని నా గట్టి నమ్మకం. 2020 తర్వాతి బండి ఉన్నవారికి అంత తొందర లేదు.

బరువు దాదాపు మారలేదు; 199 కిలోలు ఉన్నది 196 అయింది. సీటు ఎత్తు మాత్రం 800 మిల్లీమీటర్ల నుంచి 825కు పెరిగింది, కావాలంటే 845 వరకు పెంచుకోవచ్చు. పొట్టిగా ఉన్నవారు 805 మిల్లీమీటర్ల తక్కువ ఎత్తు సీటును అడిగి తీసుకోవాలి, ఎందుకంటే ఏటవాలు చోట కాలు నేలకు అందకపోతే ఈ బరువును ఆపడం కష్టం. నాలుగు అంగుళాల గుండ్రటి తెర మీద గూగుల్ మ్యాప్స్ కనిపించడం ఉపయోగకరమే, కానీ అది ఫోను మీద ఆధారపడి నడుస్తుంది గనుక ఫోను బ్యాటరీ త్వరగా కరిగిపోతుంది. పక్కనే ఉన్న యూఎస్‌బీ పోర్టు నుంచి చార్జింగ్ పెట్టి ఉంచాలి.

నిర్వహణలో పాత బండిది పైచేయి. 411 వాల్వుల సందును ఫీలర్ గేజ్, స్పానర్ ఉన్న అనుభవజ్ఞుడైన మెకానిక్ ఎవరైనా స్క్రూ తిప్పి సరిచేయగలడు. 450లో ఆ పనికి ఇంజన్ పైభాగం విప్పి సరైన మందం ఉన్న షిమ్ (సన్నటి లోహపు బిళ్ల) వేయాలి, కనుక అది సర్వీస్ సెంటర్ పనే. రేడియేటర్, కూలెంట్ గొట్టాలు, వాటర్ పంపు, కేబుల్ లేని ఎలక్ట్రానిక్ ఎక్సలరేటర్ అన్నీ పాతదానిలో లేనివి. బండి పడినప్పుడు రాయి తగిలి చెడిపోయే భాగాల సంఖ్య ఆ మేరకు పెరిగినట్టే. రేడియేటర్‌కు లోహపు జాలీ వేయించుకోవడం మొదటి రోజే చేయవలసిన పని. ఊరి ట్రాఫిక్‌లో ఫ్యాను తిరుగుతున్నప్పుడు వేడిగాలి కాళ్లకు తగలడం కూడా పాత బండి వారికి కొత్తగా అనిపిస్తుంది. మరోవైపు, పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరిన ఈ రోజుల్లో, ఆ ఇంధనానికి తగినట్టుగా తయారైన ఇంజన్ ఉండటం 450కి ఉన్న అనుకూలత. పాత 411 ఉన్నవారు ఇంధనపు గొట్టాలు, రబ్బరు సీళ్లను సర్వీసు చేయించిన ప్రతిసారీ చూపించుకోవాలి.

చక్రాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 450 మొదట వచ్చినప్పుడు ట్యూబు ఉన్న స్పోక్ చక్రాలే ఉండేవి. ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు 2024లో అదనపు ధరకు అందుబాటులోకి వచ్చాయి. దూరప్రయాణాలకు ఈ బండి కొనేవారు ఆ అదనపు ధర చెల్లించడానికి వెనకాడకూడదు. ట్యూబు టైరుకు మేకు గుచ్చుకుంటే దాదాపు రెండు వందల కిలోల బండిని నిలబెట్టి, చక్రం ఊడదీసి, టైరు విప్పి, ట్యూబుకు అతుకు వేయాలి. ఎండలో, వాహనాలు దూసుకుపోతున్న రోడ్డు పక్కన ఇది ఒంటరిగా చేయగల పని కాదు. ట్యూబ్‌లెస్‌లో మేకు లాగి, జిగురు రాసిన పట్టీని రంధ్రంలోకి దూర్చి, చిన్న కంప్రెసర్‌తో గాలి కొట్టి బయల్దేరవచ్చు. 411కు కంపెనీ ఈ సదుపాయం ఇవ్వలేదు. నన్నడిగితే, తెర కన్నా, మోడ్‌ల కన్నా, 450కి మారడానికి ఇది బలమైన కారణం.

ఇక డబ్బు. 450 పరిచయ ధర షోరూమ్‌లో 2.69 లక్షలు ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బండ్ల మీద జీఎస్టీ 40 శాతానికి చేరడంతో, ఇప్పుడు షోరూమ్ ధరే 3 లక్షలు దాటింది. రోడ్డు పన్ను, బీమా కలిస్తే ఆన్‌రోడ్ ధర ఇంకా పైకి పోతుంది. పాత బండికి బిగించుకున్న క్రాష్ గార్డు, పెట్టెల ఫ్రేములు కొత్తదానికి సరిపోవు కాబట్టి వాటి ఖర్చు మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి. పాతవాటిని బండితో పాటు ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తే వాటికి విడిగా విలువ కట్టరు, విప్పి వేరుగా అమ్ముకోవడమే లాభం.

ఇంత ఖర్చు వద్దనుకునేవారికి 411లోని లోపాలను కొంతవరకు సరిదిద్దుకునే దారి ఉంది. ముందు ఫోర్కుకు గట్టి స్ప్రింగులు, కొత్త ఆయిల్ వేయించి, బ్రేకులకు మంచి ప్యాడ్లు, అల్లిక ఉక్కు గొట్టాలు బిగించి, అరిగిన టైర్లు మార్పిస్తే, కొత్త బండికీ పాతదానికీ మధ్య ధరలో ఉన్న తేడాలో చిన్న భాగంతోనే ప్రయాణం గణనీయంగా మెరుగుపడుతుంది. ఆరో గేరు, ట్యూబ్‌లెస్ చక్రాలు, ఎత్తైన కనుమల్లో మిగిలే బలం మాత్రం ఈ మార్గంలో రావు. పాత ఇంజన్ స్వభావమూ ఆరు గేర్లూ కలిసి కావాలనుకునేవారికి అదే కంపెనీ నుంచి 2025లో వచ్చిన స్క్రామ్ 440 ఉంది గానీ, దాని ముందు చక్రం 19 అంగుళాలు. గుట్టల్లో, రాళ్లలో అది హిమాలయన్‌కు ప్రత్యామ్నాయం కాదు.

టెస్ట్ రైడ్‌కు వెళ్లేటప్పుడు షోరూమ్ ముందున్న నున్నటి రోడ్డు మీద ఒక చుట్టు కొట్టి తిరిగి రాకండి. మీతో ఎప్పుడూ ప్రయాణించే మనిషిని వెనక కూర్చోబెట్టుకోండి, దగ్గర్లో ఉన్న ఎత్తుకు మూడో గేరులో నెమ్మదిగా ఎక్కి చూడండి, గోతుల రోడ్డు మీద కొంతదూరం నడపండి, ఏటవాలు చోట బండిని ఆపి కాళ్లు ఆన్చి చూడండి. వెనక కూర్చున్నవారి అభిప్రాయాన్ని కూడా అడగండి, ఎందుకంటే ఈ బండిలో వచ్చిన మార్పులో సగం వారికే ముందుగా తెలుస్తుంది.