ముప్పై అయిదేళ్ళొచ్చినా నీళ్ళలో ఉప్పే: 'ఫ్రైడే నైట్ డిన్నర్' పదేపదే చూశాక

ముందే చెప్పేస్తున్నా, 'ఫ్రైడే నైట్ డిన్నర్' అనే ఈ బ్రిటిష్ కామెడీ సిరీస్ మీద నాకు పక్షపాతం ఉంది. ఆఫీసులో బుర్ర వేడెక్కిన రోజు, వంటకి ఓపిక లేని రోజు, ఏ కారణమూ లేని రోజు కూడా నేను పెట్టుకునేది ఇదే. ఎవరు ఎక్కడ కేక వేస్తారో కంఠతా వచ్చేసింది. కథ ఏంటి, ఎవరెవరు నటించారు అనేవి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. నాకు చెప్పాలని ఉన్నది ఆ అన్నదమ్ముల గురించి.

ఆడమ్, జానీ. ఉత్తర లండన్‌లో అమ్మానాన్నల ఇల్లు, యూదుల కుటుంబం, వాళ్ళ ఆచారం ప్రకారం శుక్రవారం రాత్రి భోజనానికి కొడుకులిద్దరూ హాజరవ్వాలి. ఆ ఇంట్లో మతనిష్ఠ అంటూ పెద్దగా ఏమీ లేదు, ఈ వారం వారం భోజనం ఒక్కటే మిగిలింది. బయట వాళ్ళ బతుకులు ఎలా ఉంటాయో మనకి దాదాపు చూపించరు. ఆడమ్ ప్రకటనలకి ట్యూన్లు కట్టి సంపాదించుకుంటున్నాడని తెలుస్తుంది, అంటే ఎక్కడో ఒకచోట అతన్ని కూడా పెద్దమనిషిగా లెక్కేసి డబ్బులిచ్చేవాళ్ళు ఉన్నారన్నమాట. కానీ ఆ గడప దాటి లోపలికి వచ్చారా, ఇద్దరికీ తొమ్మిదేళ్ళే. ఒకడి గ్లాసులో ఇంకొకడు ఉప్పు కలుపుతాడు, తాగినవాడు మొహమంతా వికారంగా పెట్టి ఉమ్మేస్తాడు, అమ్మ అరుస్తుంది, నాన్నకి వినిపించదు, చెవిలో మెషిన్ ఉన్నా సరే. తర్వాతైనా గ్లాసు చూసుకుని తాగాలి కదా, ఊహూ. ఇక ఒకరినొకరు పిలుచుకునే పేర్లు ఇక్కడ రాయలేను.

మన సినిమాల్లో అన్నయ్యలు వేరు. చదువు మానేసి తమ్ముణ్ణి చదివిస్తారు, చెల్లెలి పెళ్ళికి ఇల్లు తాకట్టు పెడతారు, ఇంటర్వెల్ తర్వాత దగ్గుతారు. అలాంటి అన్నయ్యల్ని చూస్తూ పెరిగి, నా సొంత తమ్ముడితో నా వ్యవహారం చూసుకుంటే ఎక్కడో తేడా కొట్టేది. వాడిప్పుడు బెంగళూరులో తన కింద చాలామంది పనిచేసే ఉద్యోగంలో ఉన్నాడు, మీటింగుల్లో ఎంతో మర్యాదగా మాట్లాడతాడట. సంక్రాంతికి గుంటూరులో కలిశామంటే మాత్రం, కిటికీ పక్క మంచం ఎవరిదన్న దగ్గర మొదలై చివరికి ఎవరో ఒకరు అమ్మకి ఫిర్యాదు చేస్తారు. ఈ జబ్బు మాకొక్కళ్ళకే అనుకునేదాన్ని. లండన్‌లోనూ ఉందని తెలిసినప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. రాబర్ట్ పాపర్ ఈ సిరీస్‌ని తన ఇంటిని చూసుకునే రాశాడు, అది తెలుస్తుంది కూడా. వెనక నుంచి నవ్వుల టేపు వెయ్యరు, ఎక్కడ నవ్వాలో చెప్పరు, నలుగురు మనుషుల్ని ఒక ఇంట్లో వదిలేసి తలుపేస్తారు, అంతే. (తలుపు తట్టి మళ్ళీ తీయించడానికి పక్కింటి జిమ్ ఉన్నాడు, తన కుక్కకి తానే భయపడుతూ. జిమ్‌గా వేసిన మార్క్ హీప్ గురించి మొదలుపెడితే ఈ సమీక్ష పూర్తవదు, వదిలేస్తున్నా.)

ఇక్కడిదాకా పొగడ్తే. మా అమ్మానాన్నలు నా దగ్గరికి ఇంగ్లండ్‌లోని రెడింగ్‌కి వచ్చి ఉన్నప్పుడు ఉత్సాహం కొద్దీ వాళ్ళకీ చూపించాను. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టి, అవసరమైన చోట నేను చెబుతూ. ఈ సిరీస్‌లో పెద్ద జోకుల్లో ఒకటి ఏంటంటే, తండ్రి మార్టిన్‌కి ఎప్పుడూ ఉక్కపోత. చొక్కా విప్పేసి ఇంట్లో తిరుగుతుంటాడు, వచ్చినవాళ్ళు బిత్తరపోతారు, పిల్లలు సిగ్గుతో చచ్చిపోతారు. పాల్ రిట్టర్ ఆ పాత్రని ఎంత సహజంగా చేశాడంటే నేను ప్రతిసారీ పడీ పడీ నవ్వుతాను. నవ్వుతూ పక్కకి చూస్తే మా నాన్న సోఫాలో లుంగీ కట్టుకుని, భుజాన తువ్వాలుతో, చొక్కా లేకుండా కూర్చుని ఉన్నారు. హీటర్ వేసి ఉంది మరి. "ఉక్కపోస్తే విప్పుతాడు, ఇందులో నవ్వేదేముంది?" అన్నారు. ఇక్కడివాళ్ళు అలా కూర్చోరు నాన్నా అంటే, "అతనిల్లే కదా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. జోకు అక్కడికక్కడే పోయింది.

కానీ నాన్న లేచి వెళ్ళలేదు. మొదటి ఎపిసోడ్‌లోనే మార్టిన్ దాచుకున్న పాత సైన్స్ పత్రికలు బయట పారెయ్యమని భార్య జాకీ పట్టుబడుతుంది, ఆయన వాటిని ఎలాగైనా కాపాడుకోవాలని తంటాలు పడతాడు. మా ఇంటి అటక మీద ఎనభైల నాటి వారపత్రికల కట్టలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ సీన్లు నాన్న నవ్వకుండా, చాలా సీరియస్‌గా, ఒక బాధితుడి కథ చూసినట్టు చూశారు. తర్వాత నుంచి "ఆయనది ఇంకోటి పెట్టు" అనేవారు. ఆయన దృష్టిలో అది అన్నదమ్ముల కథే కాదు.

అమ్మ వేరే. అమ్మ అసలు నవ్వలేదు. రెండు ఎపిసోడ్‌లు చూసి, "ఆవిడ ఒక్కసారైనా కుదురుగా కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకుందా?" అంది. అంతకుముందు అన్నిసార్లు చూసి కూడా నేను పట్టించుకోని సంగతి అది. ఆ తర్వాత చూస్తుంటే అదే కనపడుతోంది. జాకీ వారమంతా ఎదురుచూసి వండుతుంది, కొడుకులు వస్తారు, అల్లరి మొదలవుతుంది, ఎవరో ఒకరు తలుపు కొడతారు, భోజనం చెడిపోతుంది. జాకీగా వేసిన టామ్‌సిన్ గ్రేగ్ మొహంలో ఆ విసుగు కింద "పోనీలే, వచ్చారుగా" అన్న భావం ఉంటుంది చూడండి, అది ఎవరూ రాసిచ్చిన డైలాగు కాదు. ఇదంతా గమనించాక ఆ ఉప్పు నీళ్ళకి నేను నవ్వే నవ్వు కొంచెం తగ్గింది, అబద్ధమెందుకు. వాళ్ళ పసితనం బిల్లు ఎప్పుడూ అమ్మ పేరు మీదే వస్తోంది. అయితే మా అమ్మకి జాలి కూడా ఏమీ కలగలేదు. "చేతులారా చెడగొట్టుకుంది, అనుభవించనీ" అని తేల్చేసి, లోపలికి వెళ్ళి తమ్ముడికి పంపాల్సిన కందిపొడి డబ్బా సంగతి ఫోన్‌లో మా పిన్నికి పురమాయించింది.

ఆ ప్రయత్నం అక్కడితో అయిపోయిందనుకున్నా. కొన్నాళ్ళకి ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లోంచి అమ్మ నవ్వు వినిపించింది, మామూలు నవ్వు కాదు, కళ్ళు తుడుచుకుంటున్న నవ్వు. టీవీలో మార్టిన్ తల్లి. ఆవిణ్ణి ఇంట్లోవాళ్ళే హారిబుల్ గ్రాండ్‌మా అంటారు, రోజలిండ్ నైట్ వేసింది. ఆవిడ వస్తోందంటే ఇల్లంతా హడలు, జాకీ పళ్ళు బిగించి నవ్వు పులుముకుంటుంది. అమ్మకి సబ్‌టైటిల్స్ అవసరం పడలేదు. "అచ్చు మీ నానమ్మే!" అంది, నాన్న వినేలాగే. నాన్న రిమోట్ కోసం వెతికారు. అత్తగారి జోకు ఏ దేశంలోనైనా నడుస్తుందని అంతవరకూ నాకు తట్టలేదు.

ఆ అన్నదమ్ముల విషయానికే వస్తే, నా పొగడ్తకి ఇంకో తిరకాసు ఉంది. 2011లో మొదలైనప్పుడు ఆడమ్‌గా వేసిన సైమన్ బర్డ్‌కి 26 ఏళ్ళు. ఆ వయసులో తమ్ముడి గ్లాసులో ఉప్పు కలపడం ముద్దుగానే ఉంటుంది. మధ్యలో ఏడాదీ రెండేళ్ళూ విరామాలిస్తూ 2020లో ఆరో సీజన్‌కి వచ్చేసరికి అతనికి 35. మొహం మారింది, ఆట మారలేదు. కొన్ని ఎపిసోడ్‌లలో అది ఇంకా ఎక్కువ నవ్విస్తుంది, కొన్నిటిలో మాత్రం కొద్దిగా ఇబ్బందిగా అనిపించింది, వీళ్ళింకా ఇంతేనా అని. నా అంచనాలో మొదటి నాలుగు సీజన్లు ఒక ఎత్తు, తర్వాతవి జిమ్ కోసమూ, మార్టిన్ కోసమూ చూడొచ్చు. చివరి ఎపిసోడ్‌లో ఏమవుతుందో చెప్పను కానీ, ఆ అల్లరికి ఒక ముగింపు దొరికింది.

ఆ ఆఖరి సీజన్‌ని వచ్చినప్పుడే చూసినవాళ్ళకి ఇంకో సంగతి గుర్తుంటుంది. 2020 మార్చి 23న ఇక్కడ లాక్‌డౌన్ ప్రకటించారు, 27న ఇది మొదలైంది. వారం వారం కొడుకులు అమ్మానాన్నల ఇంటికి భోజనానికి వెళ్ళే సిరీస్, ఎవరూ ఎవరింటికీ వెళ్ళకూడని వారాల్లో, శుక్రవారం రాత్రుళ్ళు. నాకు గుంటూరు వెళ్ళడానికి ఫ్లైట్లే లేవు. ఆ ఎపిసోడ్‌ల మీద నా అభిప్రాయం నమ్మదగ్గది కాదని అందుకే అంటున్నా, అవి బాగున్నాయో లేక నేనే బాగాలేనో ఇప్పటికీ తేల్చుకోలేదు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో పాల్ రిట్టర్ పోయాడు, బ్రెయిన్ ట్యూమర్, 54 ఏళ్ళకే. వార్త నాన్నకి ఫోన్లో చెప్పాను. "చొక్కా ఆయనేనా? అయ్యో" అన్నారు.

చూడమంటారా అని అడిగితే, మీ ఇంట్లో ఎంతమంది అన్నది నా మొదటి ప్రశ్న. అన్నో తమ్ముడో అక్కో చెల్లెలో ఉండి, ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంటే, నాకు పట్టినట్టే పట్టొచ్చు. మా ఆయన ఒక్కడే కొడుకు, ఆయనకి ఇది వట్టి అరుపుల గోల. మా తమ్ముడు రెండో ఎపిసోడ్ దగ్గర ఆపేశాడు, "మనింట్లోది చాలక్కా" అన్నాడు, కాబట్టి నా లెక్క కూడా అన్నిసార్లూ పనిచెయ్యదు. తిట్లు ధారాళంగా ఉంటాయి, చిన్నపిల్లలు పక్కనుంటే వద్దు. పెద్దవాళ్ళతో చూసేట్టయితే మొదటి ఎపిసోడ్ తర్వాత నేరుగా ఆ అత్తగారి ఎపిసోడ్ దగ్గరికి తీసుకెళ్ళండి, మిగతాది వాళ్ళే చూసుకుంటారు.