కాకినాడలో కార్టూన్లు బట్ట మీద వేయించుకోవాలంటే

సముద్రపు కోతకి ఇళ్లు పోతున్న ఉప్పాడలో మత్స్యకారుల సభ కోసం గీసిన పొలిటికల్ కార్టూన్లను కాకినాడ మెయిన్ రోడ్డు వెనక సందులో ఉన్న ఒక ఫ్లెక్స్ షాపులో వేయించాను. ఇంకు, బ్రష్ పట్టి గీసేవాళ్లు ధైర్యంగా వెళ్లొచ్చు.

చాలాచోట్ల బొమ్మని ఫోన్‌తో ఫొటో తీసి దాన్నే సాగదీసేస్తారు. గీతలన్నీ ముద్దకట్టేస్తాయి. ఇక్కడి ఆపరేటర్ కుర్రాడు 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల వివరంతో) స్కాన్ చేసి, కాగితం మీది మరకలు తీసేసి, నలుపూ తెలుపుల్లోనే ఉంచాడు. ఒక కార్టూన్‌లో ఇంటిపన్ను నోటీసు పట్టుకుని పడవలో వచ్చిన ఉద్యోగితో, నడుంలోతు నీళ్లలో నిలబడ్డ ముసలమ్మ "ఇల్లు మీ పడవ కిందే ఉంది బాబూ" అంటుంది. ఆ బొమ్మకి ప్రాణం ఆవిడ నుదుటి ముడతలు. ఆరడుగుల బట్ట మీద కూడా ఒక్క ముడత చెరిగిపోలేదు. కెరటం కింద వేసిన సన్నటి అడ్డగీతలు దేనికదే విడిగా కనిపిస్తున్నాయి.

"మాస్టారూ, కెరటానికి కోరలు పెడితే జనానికి బాగా పడుద్దండి" అన్నాడా కుర్రాడు. "గంగమ్మకి కోరలేంటయ్యా? పెడితే సర్కారు ఆఫీసులో కదలని ఫైలుకి పెట్టాలి" అన్నాను. మళ్లీ నా బొమ్మ మీద చెయ్యి పెట్టలేదు. నాకు ఈ షాపు నచ్చింది ముఖ్యంగా అందుకే.

సముద్రాన్ని రాక్షసిలా గీశామంటే మిగతావాళ్లంతా తప్పించుకుంటారు. తీరాన్ని నిలబెట్టేందుకు గోదావరి తేవాల్సిన ఇసుక, ఒండ్రు ఎగువన ఆనకట్టల దగ్గరే చాలావరకు ఆగిపోతున్నాయి. దానికి తోడు భూమి వేడెక్కి సముద్రమట్టం పెరుగుతోంది. 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సగటు 20 సెంటీమీటర్లు పెరిగింది. ఉప్పాడలో రక్షణగా వేసిన జియోట్యూబు (ఇసుక నింపిన పెద్ద గొట్టాల్లాంటి సంచుల) గోడ కూడా కెరటాల దెబ్బకి పాడైపోయింది. ఇళ్లు పోగొట్టుకున్నవాళ్ల ముందు పెట్టే బొమ్మలో తప్పు ఎవరిదో తేడా రాకూడదు.

ఫ్లెక్స్ వద్దని బట్ట మీదే వేయించాను. తీరం గాలికి ఫ్లెక్స్ చిరిగితే ఆ ముక్కలు చివరికి చేరేది వలల్లోకే. బట్టకి ఖర్చు రెట్టింపు పైనే అయింది, అయినా పర్వాలేదు. అంచులు మడిచి కుట్టి, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఇత్తడి రింగులు వేశారు. గాలి బయటికి పోవడానికి అక్కడక్కడా చీలికలు కూడా పెట్టారు. అవి బొమ్మ మీద పడకుండా ఎక్కడ కొయ్యాలో నన్నడిగి మరీ కోశారు.

లోపమల్లా అక్షరాల దగ్గరే. ఫోన్‌లో పంపిన తెలుగుని వాళ్లు డీటీపీలో వాడే 'అను' అనే పాత రకం ఫాంట్లలోకి మార్చినప్పుడు ఒత్తులు పక్కకి జరిగిపోయాయి. "మత్స్యకారులు" అన్న మాటే చెడిపోయింది. ప్రూఫ్ చూసి చెబితే విసుక్కోకుండా సరిచేశారు గానీ, దానివల్ల ఒకరోజు ఆలస్యమై నాకు టెన్షన్ పట్టుకుంది. మాటలు కూడా చేత్తోనే రాసి బొమ్మతో పాటే స్కాన్‌కి ఇవ్వండి, ఆ గొడవే ఉండదు.

ఎన్నికల రోజుల్లో, నాయకుల పుట్టినరోజులప్పుడు వెళ్తే మన పని వెనక్కి పడిపోతుంది. ఉదయం తొమ్మిదింటికి షట్టర్ తీయగానే వెళ్తే ఆపరేటర్ పక్కన కూర్చుని చేయించుకోవచ్చు.