జాగ్రత్త: పిక్-అప్‌కి పెద్ద టైర్లు 'పడతాయి' అంటే వెంటనే డబ్బు కట్టేయకండి

పిక్-అప్ బండికి కంపెనీ సైజు కన్నా పెద్ద టైర్లు వేయించాలనుకుంటున్నవాళ్లు ఇది చదివాకే షాపుకి వెళ్లండి. "ఈ సైజు మీ బండికి పడుతుందండీ, చాలామందికి వేశాం" అని నాతో చెప్పారు. ఇప్పుడు నా దగ్గర రోడ్డు మీద తిప్పలేని నాలుగు కొత్త టైర్లు, మడ్‌గార్డ్ లోపల ఉండే, ఇప్పుడు అంచులు చెక్కేసిన ప్లాస్టిక్ తొడుగులు (లైనర్లు) మిగిలాయి. షాపువాళ్లేమో "వాడిన టైర్లు వెనక్కి తీసుకోం" అంటున్నారు. షాపు పేరు రాయను. ఇలా అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు, అమ్మే తీరు తెలిస్తే మీరే పట్టేస్తారు.

ముందు లెక్క చూడండి. నా బండితో వచ్చినవి 265/65 ఆర్17. షాపువాళ్లు వేసినవి 285/70 ఆర్17. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. చివరిది రిమ్ము సైజు, అంగుళాల్లో. లెక్క కడితే పాత టైరు మొత్తం ఎత్తు సుమారు 776 మి.మీ., కొత్తది 831 మి.మీ. అంటే 55 మి.మీ. ఎక్కువ, దాదాపు 7 శాతం. "బండి రెండంగుళాలు లేస్తుంది" అని ఊరించారు గానీ ఇరుసు ఉండేది చక్రం మధ్యలో కదా, బండి లేచేది అందులో సగమే, 27 మి.మీ. మిగతా సగం పైకి, మడ్‌గార్డ్ వైపు పెరుగుతుంది. ముందుకీ వెనక్కీ కూడా అంతే పెరుగుతుంది. గొడవంతా అక్కడే.

షాపులో నమ్మించే పద్ధతి ఇలా ఉంటుంది. బండిని లిఫ్ట్ మీదికి ఎత్తి టైర్లు బిగిస్తారు. అక్కడే స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి, "చూశారా, ఎక్కడా తగల్లేదు" అంటారు. నిజంగానే తగలదు. లిఫ్ట్ మీద చక్రాలు కిందికి వేలాడుతుంటాయి, సస్పెన్షన్ పూర్తిగా సాగి ఉంటుంది, కాబట్టి మడ్‌గార్డ్‌లో బోలెడు ఖాళీ కనిపిస్తుంది. బండి నేల మీదికి దిగి, బరువు పడి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు ఒక చక్రం గుంతలోనో స్పీడ్ బ్రేకర్ మీదో నొక్కుకుంటే అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. నా బండిలో మొదట రివర్స్‌లో తిప్పుతుంటే బరబరమని చప్పుడు వచ్చింది. అది లైనర్. తర్వాత ఎత్తుపల్లాల మీద మలుపు తిప్పుతూ బ్రేక్ వేస్తే ధన్‌మని ఇనుముకి కొట్టిన చప్పుడు. ముందు చక్రం వెనకాల, కింది భాగంలో, క్యాబిన్‌ని ఛాసిస్‌కి బిగించే మౌంట్ ఉంటుంది. టైరు భుజం, అంటే నేలకి ఆనే భాగమూ పక్క గోడా కలిసే అంచు, దానికి తగిలింది.

ప్లాస్టిక్‌కి తగిలితే పెద్ద బాధ లేదు, వేడి చేసి వెనక్కి నొక్కచ్చు, కొంచెం కత్తిరించచ్చు. ఇనుముకి తగిలితే మాత్రం సైడ్‌వాల్ కోసుకుపోయే ప్రమాదం ఉంది. ఫిర్యాదు చేస్తే షాపువాళ్లు తాపీగా ఏమన్నారో తెలుసా? "ఆ మౌంట్ కొంచెం కోసి, మళ్లీ వెల్డింగ్ పెడితే అయిపోతుంది సార్." ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉంది ఇది. క్యాబిన్ బరువు మోసే భాగం అది. దాన్ని కోయించాక యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లకి ఏం చెప్పాలి? తెలిసే కోయించుకునేవాళ్లు ఉన్నారు, వాళ్ల ఇష్టం. కానీ ఆ మాట టైర్లు అమ్మకముందే చెప్పాలి కదా.

నేను ఒప్పుకోకపోయేసరికి లిఫ్ట్ కిట్ చూపించారు. అదీ వద్దంటే స్పేసర్లు, అంటే చక్రం బిగించే చోట దాని వెనక పెట్టే మందపాటి బిళ్లలు. ఈ రెండింటి గురించీ తెలుసుకోండి, ఎందుకంటే మీకూ ఇవే చూపిస్తారు. లిఫ్ట్ కిట్ బండి మామూలుగా నిలబడే ఎత్తుని పెంచుతుంది. సస్పెన్షన్ చివరిదాకా నొక్కుకున్నప్పుడు చక్రం ఎక్కడిదాకా లేస్తుందో బంప్ స్టాప్ అనే ఆపుడు దిమ్మె నిర్ణయిస్తుంది. దాన్ని మార్చకపోతే అప్పుడు తగిలేది ఇప్పుడూ తగులుతుంది, కాకపోతే తక్కువసార్లు. స్పేసర్లు గానీ ఆఫ్‌సెట్ తక్కువున్న రిమ్ములు గానీ వేస్తే చక్రం బయటికి జరుగుతుంది. లోపలివైపు సస్పెన్షన్ ఆర్మ్‌కి తగలకుండా అది పనికొస్తుంది. కానీ బయటికి జరిగిన చక్రం తిరిగేటప్పుడు ఇంకా పెద్ద వలయం చుడుతుంది, బంపర్ మూలకీ ఆ మౌంట్‌కీ ఇంకా గట్టిగా తగులుతుంది. పైగా వీల్ బేరింగ్ మీద భారం పెరుగుతుంది. ఒక సమస్యకి మందని చెప్పి ఇంకో సమస్య అమ్మడమే ఇది.

తగలడం ఒక్కటే కాదు, నడపడంలోనూ తేడా వచ్చింది. 7 శాతం పెద్ద చక్రం వేస్తే గేర్లన్నీ అంత మేర బరువెక్కినట్టే. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ ఎక్కువసేపు జార్చాల్సి వచ్చింది. ఆటోమేటిక్ అయితే గేర్లు మాటిమాటికీ కిందికీ పైకీ మారుతుంటాయి. బ్రేకులు పాతవే, చక్రం పెద్దదీ బరువైనదీ, కాబట్టి పెడల్ ఇదివరకటి కన్నా గట్టిగా తొక్కాలి.

స్పీడోమీటర్ సంగతి అడిగితే, "మీటర్లు ఎలాగూ ఎక్కువ చూపిస్తాయి, ఇప్పుడు సరిపోతుంది" అన్నారు. ఇందులో సగం నిజం ఉంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల ప్రకారం మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదు, అందుకే కంపెనీలు కాస్త ఎక్కువ చూపించేలా పెడతాయి. ఎంత ఎక్కువ అన్నది బండిని బట్టి ఉంటుంది. మార్పు 7 శాతం కాబట్టి, ఇదివరకు కచ్చితంగా చూపించే మీటరైతే 100 అని చూపిస్తున్నప్పుడు మీరు 107లో వెళ్తుంటారు. పాత టైర్లు ఉండగానే ఫోన్ జీపీఎస్‌తో పోల్చి చూసుకోండి. కిలోమీటర్ల లెక్కా తగ్గుతుంది, సర్వీసు ఆలస్యమవుతుంది. మైలేజీ పడిపోయిందని కంగారుపడేముందు ఆ 7 శాతం కలిపి లెక్క కట్టండి. కలిపాక కూడా తగ్గుదల కనిపిస్తే అది నిజమైన నష్టం.

స్టెప్నీ ఊసు షాపులో ఎవరూ ఎత్తలేదు. నాలుగు టైర్లకే బిల్లు వేశారు, కింద వేలాడేది పాత సైజుదే. పంక్చర్ అయి దాన్ని వెనక చక్రంగా వేస్తే ఎడమా కుడీ సైజులు వేరవుతాయి, రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఒక్క క్షణం కూడా ఆగకుండా పనిచేస్తూ ఉండాల్సిందే. లిమిటెడ్ స్లిప్ (రెండు చక్రాల వేగాల తేడాని అదుపు చేసే రకం డిఫరెన్షియల్) ఉన్న బండైతే అది వేడెక్కి అరిగిపోతుంది. అలా వేసి ఫోర్ వీల్ పెడితే ముందు, వెనక చక్రాలకి శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడే ఒత్తిడి ఇంకో ఎత్తు. పోనీ ఐదోది కూడా పెద్దదే కొందామంటే కింద ఆ చోట్లో పట్టదు. కొలుచుకోకుండా వెళ్లకండి.

గాలి విషయంలో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఏంటంటే, సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠ ప్రెషర్ చూసి అంతే కొట్టేశారు. అది దాటకూడని హద్దు, రోజూ నడపాల్సిన ప్రెషర్ కాదు. బండి రాయిలా గట్టిపడి ఎగిరెగిరి పడింది. డోరు దగ్గర స్టిక్కర్‌లో ఉన్నది కంపెనీ టైర్ల కోసం రాసినది. ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం టైరుకి అదే ప్రెషర్ పెడితే మోయగల బరువు తగ్గుతుంది, టైరు తయారీదారు ఇచ్చే లోడ్ పట్టిక చూసి పెట్టాలి. లోడ్ ఇండెక్స్ కూడా చూడండి. 112 అంటే ఒక్కో టైరు మోసేది 1120 కిలోలు. పాతదాని కన్నా తక్కువ ఉన్నది అస్సలు తీసుకోవద్దు.

కొనాలనే ఉంటే, ముందు ఒక్క టైరు మాత్రమే ముందు చక్రానికి వేయించి, బండిని నేల మీదికి దించి చూడండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందుకీ వెనక్కీ నడపాలి, తర్వాత ఒక పక్క చక్రాన్ని గట్టు మీదికి ఎక్కించి మళ్లీ తిప్పాలి. ఇదేమంత పెద్ద పని కాదు. ఒప్పుకోని షాపులో కొనకండి. తగిలితే వెనక్కి తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోండి, నోటి మాట చెల్లదు. వారంటీ, ఇన్సూరెన్స్ ఏమవుతాయో ఆయా కంపెనీలను రాతపూర్వకంగా అడగండి.

నేనిప్పుడు 265/70 ఆర్17 వైపు చూస్తున్నాను. వెడల్పు పాతదే, ఎత్తు పెరిగేది 3.4 శాతం, బండి లేచేది 13 మి.మీ. చూపుకి అంత భారీగా ఉండదు, కానీ దేన్నీ కోయాల్సిన అవసరం రాకపోవచ్చు. అదీ నేల మీద తిప్పి చూశాకే.

ఇంకొకటి, బిగించిన రోజే పాత టైర్లు ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేయమని అడుగుతారు, రేటు కూడా బాగానే చెబుతారు. కొత్తవాటితో లోడు వేసి కొన్నాళ్లు తిరిగేదాకా ఇవ్వకండి. నావి ఇవ్వలేదు కాబట్టే ఇవాళ బండి వాటి మీద నడుస్తోంది.