బోరు మోటారు మొరాయిస్తే: మనమే విప్పాలా, వైండింగ్‌కి ఇవ్వాలా, కొత్తది కొనాలా?

మార్చి చివర్లో ఒక పొద్దున, బోడుప్పల్‌లో మా ఇంట్లో స్విచ్ వేస్తే ప్యానెల్ బోర్డు 'మ్‌మ్' అని మూలిగింది తప్ప చుక్క నీరు రాలేదు. కాసేపటికి ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ స్విచ్ కొట్టేసింది. పక్కింటి అన్న తొంగి చూసి "కాలిపోయింది తమ్మీ, రాణీగంజ్ పోయి కొత్తది తెచ్చుకో" అన్నాడు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే "వైండింగ్ చేయించాలె సార్" అన్నాడు, అంటే మోటారు లోపల కాలిన రాగి తీగ తీసేసి కొత్తది చుట్టించాలని. మోటారు ఇంకా రెండు వందల యాభై అడుగుల కింద ఉంది. దాని మొహం ఎవరూ చూడలేదు.

ఈ మూడు దారులూ నేను తొక్కాను. మా ఇంట్లో విప్పాం, అత్తగారింట్లో వైండింగ్ చేయించాం, తమ్ముడింట్లో కొత్తది దింపాం. అన్నిటికంటే ముందు మాత్రం ప్యానెల్ తలుపు తీయండి. సింగిల్ ఫేజ్ మోటారు మూలుగుతూ తిరగడం లేదంటే మోటారు తిరగడం మొదలవడానికి తోపు ఇచ్చే కెపాసిటర్ పోయి ఉండొచ్చు. ఉబ్బితే కంటికే తెలుస్తుంది, ఉబ్బకుండా కూడా పోతుంది. కరెంటు తీసేశాక కూడా అందులో చార్జి ఉంటుంది కాబట్టి వేలు పెట్టొద్దు. తర్వాత ఎంసీబీ ఆపి, మోటారు నుంచి వచ్చే మూడు వైర్లనూ ప్యానెల్ నుంచి విడదీసి, మల్టీమీటరుతో రెండేసి చొప్పున ఓమ్స్ కొలవండి. మూడు అంకెల్లో పెద్దది మిగతా రెండూ కలిపినంత రావాలి. లెక్క కుదిరిందంటే వైండింగ్ చాలావరకు బతికే ఉన్నట్టు. ఎర్త్‌కి లీకు ఉందో లేదో చెప్పాలంటే మాత్రం మెగ్గర్ అనే మీటరు కావాలి, అది మెకానిక్ దగ్గర ఉంటుంది.

మాకు లెక్క కుదిరింది. కెపాసిటర్ మార్చినా మూలుగు ఆగలేదు. అంటే కింద ఏదో పట్టేసింది.

మాది హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపు, నలుగురు పట్టి చేత్తోనే లాగేశారు. జీఐ (ఇనప) పైపులైతే మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ, సగం రోజు పని. ఈ కూలీ ఏ దారిలో వెళ్లినా తప్పదు. అందుకే నా లెక్కలో అసలు ప్రశ్న రిపేరు ఖర్చు కాదు, మళ్లీ ఎన్నాళ్లకు పైకి లాగాల్సి వస్తుందన్నదే.

వరండాలో పాత చీర పరిచి విప్పాం. పైన పంపు, కింద మోటారు, మధ్యలో నీళ్లు పీల్చుకునే జాలీ. కేబుల్ గార్డు, జాలీ తీసి, రెండింటినీ కలిపే నాలుగు నట్లు విప్పితే విడిపోయాయి. మోటారు షాఫ్టు చేత్తో సాఫీగా తిరిగింది. పంపు షాఫ్టు పానాతో పట్టినా కదల్లేదు. తప్పు ఎవరిదో అక్కడే తేలిపోయింది! పంపు విప్పి, నీళ్లను పైకి నెట్టే చక్రాలు, అంటే ఇంపెల్లర్లు ఒక్కొక్కటే జార్చి, వచ్చిన వరసలోనే చీర మీద పేర్చి ఫోటో తీశాను. కింది మూడింటి సందుల్లో బూడిద రంగు రాతి పొడి, మీద సున్నం పొర. మన దగ్గర బోరు అడుగంతా గ్రానైటు. గట్టి రాయి తగిలే దాకానే కేసింగ్ వేస్తారు, ఆ కింద ఉత్త రాయే కాబట్టి పొడి రావడం మామూలే. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రెండు గంటలు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే తెల్లగా వచ్చాయి. షాఫ్టును పట్టి ఉంచే బుష్‌లలో అరిగిపోయినది ఒకటి మార్చాం. తిరిగి బిగించేముందు షాఫ్టు చేత్తో తిరుగుతోందో లేదో చూశాం.

ఇంట్లో విప్పడమన్నది ఇంతవరకే. మోటారు జోలికి పోవద్దు. వాటర్ ఫిల్డ్ (లోపల నీళ్లు నింపిన) మోటారైతే ప్లగ్ తీసి, బుడగలు ఆగేదాకా శుభ్రమైన నీళ్లు నింపొచ్చు, నింపాలి కూడా, ఎందుకంటే లోపలి బేరింగ్‌లకు ఆ నీళ్లే నూనె. ఆయిల్ మోటారైతే మూత కూడా తీయకండి. ఏ మోటారునైనా గట్టు మీద కరెంటు పెట్టి పొడిగా తిప్పి చూడటం బుష్‌లకు నిప్పు పెట్టినట్టే.

ఓమ్స్ లెక్క తప్పినా, మెగ్గర్ బాగోలేదని చూపినా వైండింగే దారి. ఇక్కడ మంచీ చెడూ అంతా షాపువాడి చేతిలో ఉంటుంది. అసలు వైరు గేజే (మందమే) వేస్తున్నాడా, రాగేనా, షాఫ్టు మీది బరువు మోసే థ్రస్ట్ బేరింగ్ మారుస్తున్నాడా అని అడగండి. పాత రాగి లెక్క కూడా అడగండి, అడక్కపోతే అది వాడిదే. అత్తగారింట్లో చేయించిన వైండింగ్ నాలుగు నెలలకే మళ్లీ కాలింది. అప్పుడు షాపువాణ్ణి తిట్టుకున్నాం గానీ, వేసవిలో నీటిమట్టం దిగిపోయి మోటారు గంటలకొద్దీ పొడిగా తిరిగిందని తర్వాత తెలిసింది. నీళ్లు లేకపోతే ఆపేసే డ్రై రన్ ప్యానెల్ పెట్టి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

కొత్తదానికి నా గీత ఒకటుంది: రిపేరు కొత్తదాని ధరలో సగం దాటితే, లేదా అదే మోటారు రెండోసారి వైండింగ్‌కి వస్తే, ఇక దాన్ని వదిలేయడమే. కొనేటప్పుడు ఐఎస్ 8034 (సబ్‌మెర్సిబుల్ పంపుసెట్ల భారత ప్రమాణం) ముద్ర చూడండి. హెచ్‌పీ పెంచుకుంటే నీళ్లు ఎక్కువొస్తాయనే ఆశ మాత్రం వద్దు. తమ్ముడు ఒకటిన్నర తీసేసి రెండు హెచ్‌పీ వేశాడు. బోరులో ఊరేది అంతే కదా, పావుగంటలో ఖాళీ చేసి గాలి కక్కుతోంది.

మా ఇంటి వరకు పంపు విప్పడమే మేలైంది. వైండింగ్ అన్న మెకానిక్కే వచ్చి మెగ్గర్ పెట్టి చూసి "బానే ఉంది సార్" అని, కేబుల్ జాయింటు చుట్టి దింపాడు. ఎన్ని అడుగులకి దింపామో, ఏ తేదీనో ప్యానెల్ తలుపు లోపల మార్కరుతో రాసిపెట్టాను. పోయినసారి అది రాసుకోక, లాగేటప్పుడు పైపు ఎక్కడ అయిపోతుందో తెలియక నలుగురం గేటు దాకా నడిచాం.