వెనకొచ్చే అరకని కోసేసిన ఫ్రేము షాపు

షాపు పేరు రాయట్లేదు. తప్పు చేశారు, మళ్ళీ డబ్బులు అడక్కుండా సరిచేసీ ఇచ్చారు, కాబట్టి పేరుతో పనిలేదు. రాజమండ్రిలో పెద్ద బొమ్మ ఏదైనా కాన్వాసు మీద ప్రింటు తీయించి ఫ్రేము కట్టించుకుందాం అనుకునేవాళ్ళు ఎక్కడ జాగ్రత్తపడాలో చెప్దామని ఇది.

నేను వేయించింది రోజా బొనర్ అనే ఫ్రెంచి చిత్రకారిణి గీసిన దుక్కి బొమ్మ. నివెర్నే అనే ప్రాంతంలో పన్నెండు ఎడ్లు, ఆరేసి చొప్పున రెండు అరకలు, ఏటవాలు నేలని దున్నుతుంటాయి. 1849 నాటిది, అప్పటికి ఆవిడకి 27 ఏళ్ళు, ప్రభుత్వమే అడిగి గీయించుకుంది. అసలుది పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది. ఆవిడ 1899లోనే పోయారు కాబట్టి కాపీరైటు గొడవ లేదు, మంచి ఫైలు నెట్‌లోనే దొరికింది. కోనసీమలో మా ఇంట్లో, ఎడ్లు అమ్మేశాక ఖాళీగా మిగిలిపోయిన చావడి గోడకి పెడదామని.

షాపులో కుర్రాడు మర్యాదస్తుడే. ప్రింటయ్యేదాకా కూర్చోమంటే ఊరికే ఉండలేక ఆవిడ కథ మొదలుపెట్టాను. చిన్నప్పుడు చదువు అబ్బకపోతే వాళ్ళమ్మ ఒక్కో అక్షరానికి ఒక్కో జంతువు బొమ్మ వేయించి నేర్పించిందట, మనకి ఆ అంటే ఆవు ఉన్నట్టే. ఆ అమ్మ 1833లో పోయింది, పిల్లకి పదకొండేళ్ళు. తర్వాత జంతువుల ఒళ్ళు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి కబేళాలకి వెళ్ళి బొమ్మలేసుకుంది, గుర్రాల సంత బొమ్మ కోసం పారిస్ సంతకి వారానికి రెండుసార్లు చొప్పున ఏడాదిన్నర తిరిగింది. అలాంటిచోట్ల లంగాలతో కుదరక ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల దగ్గర కాగితం తీసుకోవాలి, ఆరు నెలలకోసారి మళ్ళీ రాయించుకోవాలి. "ఆయ్, ప్యాంటుకి పర్మిషనేంటండీ!" అన్నాడు కుర్రాడు. ఆ గుర్రాల బొమ్మ ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, ఐదు మీటర్ల పొడవు. 1865లో సాక్షాత్తూ ఫ్రాన్సు మహారాణి యూజీనీ ఇంటికొచ్చి లీజియన్ ఆఫ్ ఆనర్ అనే, ఆ దేశంలోకెల్లా పెద్ద గౌరవ పతకం పెట్టింది, చిత్రకారిణుల్లో అది అందుకున్న మొదటి మనిషి ఈవిడే.

ఈ కబుర్లలో పడి ప్రింటు సరిగ్గా చూసుకోలేదు, తప్పు నాది కూడా.

ఇంటికి తెచ్చి విప్పితే నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని లెక్కపెట్టారు. "పన్నెండన్నావు కదమ్మా, వెనక అరక సగమే ఉందేంటి?" చూస్తే నిజమే. అసలు బొమ్మ సుమారు 260 సెంటీమీటర్ల పొడవు, 133 ఎత్తు, అంటే దాదాపు రెండింతల పొడుగు. వీళ్ళ దగ్గర రెడీమేడ్ సైజు 24 బై 36 అంగుళాలు. ఎత్తు సరిపెట్టి, పొడుగులో పట్టనిదంతా ఒక పక్కనుంచి కోసేశారు. దాదాపు నాలుగోవంతు బొమ్మ మాయం! ఫోన్ చేస్తే "మెయిన్ ఎడ్లు ఉన్నాయి కదండీ" అన్నారు. ఎడ్లలో మెయిన్ ఎడ్లు, సైడ్ ఎడ్లు ఉంటాయని నాకు తెలీదు.

మళ్ళీ ఇరవైనాలుగు బై నలభై ఏడు కొలతతో ప్రత్యేకంగా కట్టించాను. ఇంకో వారం పట్టింది, రంగులు మాత్రం ఈసారి కూడా కాస్త ఎర్రబారాయి. దున్నిన మట్టి తడిగా, బరువుగా కనపడాలి, ఇందులో ఇటుక పొడిలా ఉంది. ముందు చిన్న ముక్క శాంపిల్ అడగండి. ఇంకోటి, మన వైపు వానాకాలంలో గోడలు చెమరుస్తాయి కాబట్టి వెనక అట్టలాంటి చెక్క వేయనివ్వకండి, ఉబ్బిపోతుంది. నేను టేకు ఫ్రేము కట్టించి, గోడకి తగలకుండా మూలల్లో రబ్బరు బిళ్ళలు పెట్టించాను. మెరిసే లామినేషన్ వద్దన్నాను, కిటికీ వెలుతురు పడి ఎడ్లకి బదులు మన మొహాలే కనపడతాయి.

ఇప్పుడు పూర్తి బొమ్మ గోడ మీద ఉంది. నాన్నగారికి బొమ్మ నచ్చిందో లేదో గానీ వ్యవసాయం మీద అనుమానాలు తీరట్లేదు. ఒక్క నాగలికి ఆరు ఎడ్లేంటి, అదేం నేల? వీటికి మూపురం లేదే, కాడి దేనికి ఆనుతుంది? ఫ్రాన్సులో కాడిని కొమ్ములకి తోలుపట్టీలతో కట్టేవాళ్ళని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. నడుమ ఉన్న తెల్ల ఎద్దు నేరుగా మనకేసే చూస్తుంటుంది, దాన్నే చూసి, "మెడ నొప్పెట్టదూ" అన్నారు.

గోడకి కొట్టే కొక్కేలు ఇవ్వరు, అవి మీరే కొనుక్కోవాలి.