ఆటోలిస్ప్: అడుగులు సరే, అంగుళాల గుర్తుతోనే తంటా

హనుమకొండలో ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లెవరికీ కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ కొత్త కాదు. అందులోనే సొంతంగా ప్రోగ్రాములు రాసుకోవడానికి ఉన్న భాష ఆటోలిస్ప్ జోలికి మాత్రం చాలామంది పోరు. నేను రోజూ వాడతాను. 1986 నాటి సరుకే అయినా పనిలో మొరాయించదు.

నా పేచీ అంతా కొటేషన్ గుర్తులతోనే. మనం బెడ్‌రూమ్ 10'-6" అని రాస్తాం కదా. ఆ అడుగుల గుర్తు లిస్ప్‌లో కోట్: పక్కనున్నదాన్ని లెక్కకట్టకుండా ఉన్నదున్నట్టు ఉంచమని. అంగుళాల గుర్తేమో స్ట్రింగ్ (అంటే అక్షరాల వరుస) మొదలుకీ చివరకీ. ప్లాన్లు గీసేవాళ్లకు కావలసిన రెండు గుర్తులనూ అదే పట్టుకు కూర్చుంది! స్ట్రింగ్ లోపల అడుగుల గుర్తు ఏమీ అనదు. అంగుళాలకు మాత్రం ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి "10'-6\"" అని రాయాలి. అది ఒక్కటి తప్పినా అక్కడి నుంచి స్ట్రింగులన్నీ తిరగబడి, చివరికి 'మాల్‌ఫార్మ్‌డ్ స్ట్రింగ్' అని ఎర్రర్ వస్తుంది. ఎక్కడ తప్పిందో మనమే వెతుక్కోవాలి. కోడ్ రాసుకునే విజువల్ లిస్ప్ ఎడిటర్ స్ట్రింగులకు గులాబీ రంగు వేస్తుంది కాబట్టి, రంగు ఎక్కడ అడ్డదిడ్డమైందో చూస్తే దొరుకుతుంది. వాట్సాప్‌లో వచ్చిన కోడ్‌లో వంకర కొటేషన్లు ఉంటే అవి అసలు కొటేషన్లే కావు దానికి.

మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లగాడు స్క్రీన్ మీద బ్యాక్‌స్లాష్ చూసి, "అన్నా, కొలత ఖరాబైంది" అన్నాడు. ఏమీ కాలేదు. స్క్రీన్ మీద చూపించే ఫంక్షన్లు రెండు: ప్రిన్1 అయితే బ్యాక్‌స్లాష్‌తో సహా చూపిస్తుంది, ప్రిన్సీ అయితే 10'-6" అనే చూపిస్తుంది. పొడవు అడిగితే రెండింటికీ ఆరు అక్షరాలే.

ఫైల్ ఎక్కడుందో చెప్పే పాత్‌లో మరో పేచీ. ఒక్క బ్యాక్‌స్లాష్ తర్వాత చిన్న 'ఎన్' వస్తే కొత్త లైన్ అనుకుంటుంది. రెండు పెట్టాలి, లేదా మామూలు స్లాష్ వాడాలి.

నచ్చింది ఆర్‌టీవోఎస్ ఫంక్షన్. అంగుళాల్లో కొలత ఇచ్చి మోడ్ 4 అంటే అడుగులు, అంగుళాల గుర్తులు తనే పెట్టి స్ట్రింగ్ చేసిస్తుంది, బ్యాక్‌స్లాష్ బాధ మనకుండదు. కాజీపేట ఓనర్ వంటగది ఆరంగుళాలు పెంచమంటే, గోడ జరిపి నా లిస్ప్ ప్రోగ్రాం మళ్లీ నడిపాను, కొలతలన్నీ మారిపోయాయి. 12' అని కాక 12'-0" అని రావాలంటే డిమ్‌జిన్ అనే సెట్టింగ్ 3 పెట్టుకోండి.

అయిదుకు నాలుగిస్తాను. ఆటోక్యాడ్‌లో చవక రకమైన ఆటోక్యాడ్ ఎల్‌టీ వాడేవాళ్లు మాత్రం కొనేముందు వెర్షన్ చూసుకోవాలి, అందులో ఆటోలిస్ప్ వచ్చింది 2024 నుంచే.