విత్తనం పాఠానికి ఏది మేలు: శనగా, పల్లీయా, మొక్కజొన్న కంకా?

మొక్కల్లో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చిందంటే బడుల్లో ముందు గుర్తొచ్చేది నానబెట్టిన శనగలు. నిజంగా మంచి గింజ అది. రాత్రి నానేస్తే తెల్లారేసరికి ఉబ్బి, తొక్క వేళ్లకే ఊడొస్తుంది. తొక్క తీయకముందు ముక్కులా ఉన్న కొస దగ్గర మెల్లగా నొక్కితే సన్నటి రంధ్రంలోంచి నీటి బొట్టు బయటికొస్తుంది. రెండు బద్దలూ విడదీస్తే ప్రథమమూలం, ప్రథమకాండం. 40 మంది పిల్లలకు రెండు గుప్పెళ్లు చాలు.

పల్లీ ఇంకా సులువు, నానబెట్టే పనే లేదు. బద్ద విప్పితే బుల్లి ఆకులు భూతద్దం లేకుండానే కనిపిస్తాయి. అనంతపురం వైపు పిల్లలకైతే సగం పాఠం చేలోనే అయిపోతుంది: పసుపు పువ్వు నేలపైన పూస్తుంది, ఊడ మట్టిలోకి దిగుతుంది, కాయ లోపల ఊరుతుంది.

కానీ కొట్లో కొన్న గింజ తనలో ఏముందో చూపిస్తుందే గానీ, తాను ఎలా పుట్టిందో చూపించదు. పుప్పొడి, అండం పుస్తకంలో బొమ్మలుగానే మిగిలిపోతాయి. అందుకే నేను మొక్కజొన్న వైపు మొగ్గుతాను. గింజ కాదు, పీచుతో ఉన్న లేత కంకి. పీచులో ఒక్కో పోగు ఒక్కో అండాశయం తాలూకు కీలం, అంటే దాని పైనుండే సన్నటి కాడ. దానిమీద పడిన పుప్పొడి రేణువు నుంచి నాళం మొలిచి, ఆ పోగు వెంటే లోపలికి దిగి అండాన్ని చేరుతుంది. ఫలదీకరణ అయిన రెండు మూడు రోజులకు పోగు మొదట్లో తెగిపోతుంది. పై ఆకులు జాగ్రత్తగా ఒలిచి కంకిని ఊపితే అలాంటి పోగులు రాలిపోతాయి, మిగతావి అంటుకునే ఉంటాయి.

కిందటేడు మా తరగతిలో ఒకమ్మాయి కంకి కొసన వేలాడుతున్న పోగులు చూసి, "వీటికి పుప్పొడి అందలేదా టీచర్?" అని అడిగింది. పక్కనే ముదురు కంకి పెట్టాం. దానికి కూడా కొసనే గింజల్లేవు.

గింజ భాగాలు చూపడానికి మాత్రం మొక్కజొన్న పనికిరాదు. దాని బీజకవచం, అంటే గింజ తొక్క, పండు తొక్కతో కలిసిపోయి ఉంటుంది, కోయడానికి బ్లేడు కావాలి. అక్కడ శనగే మేలు. ఒక్క పీరియడే ఉంటే శనగతో కానిచ్చేయండి. రెండు దొరికితే ముందు కంకి, మర్నాడు శనగ. పీచు బయటికొచ్చి వారమైన కంకులు కావాలని రైతుకు ముందే చెప్పి ఉంచండి. బజార్లో కాల్చి అమ్మే కంకుల్లో పోగులు ఎప్పుడో తెగిపోయి ఉంటాయి.